నెట్ పోతూ వస్తూ ఉండే చోట పోస్ట్‌ఫిక్స్ రీట్రై సెట్టింగ్స్ ఎలా పెట్టుకోవాలి? మెయిల్స్ వెనక్కి వచ్చేస్తున్నాయి

ఘాట్‌రోడ్_అడ్మిన్

అందరికీ నమస్తే. పాడేరు దగ్గర ఒక కాఫీ గింజల యూనిట్‌లో కంప్యూటర్ల పని చూస్తుంటాను, సర్వర్ అడ్మిన్ అంటే పెద్ద మాటే, ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా నన్నే పిలుస్తారు సీసీ కెమెరా ఆగినా నన్నే పిలుస్తారు. మా దగ్గర ఒక పాత డెస్క్‌టాప్ మీద డెబియన్ లినక్స్ ఉంది, అందులో పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ పంపే సాఫ్ట్‌వేర్. కాటా దగ్గరున్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ప్రతి తూకానికీ ఒక పీడీఎఫ్ స్లిప్ తయారుచేసి ఈ పోస్ట్‌ఫిక్స్ చేతిలో పెడుతుంది, అది విశాఖ ఆఫీసుకీ రైతు సంఘం వాళ్లకీ మెయిల్ చేయాలి. నేరుగా పంపదు, డబ్బు కట్టి తీసుకున్న ఒక రిలే సర్వీసుకి 587 పోర్టులో లాగిన్ అయి ఇస్తుంది, వాళ్లు అవతలికి చేరుస్తారు.

ఇక నెట్ సంగతి. ఫైబర్ ఘాట్ రోడ్డు వెంబడి స్తంభాల మీదే వస్తుంది, గాలివానకి ఒక కొమ్మ విరిగి పడిందంటే ఆ రోజుకి అంతే, లైన్‌మన్ కొండెక్కి రావాలి. బ్యాకప్‌కి రూటర్‌లో 4జీ సిమ్ ఉంది కానీ ముసురు పట్టిందంటే అదీ ఒక గీతకి వచ్చేస్తుంది. మొన్న గింజలు దిగే రోజుల్లోనే ముసురు పట్టి సాయంత్రం పోయిన నెట్ పొద్దున దాకా రాలేదు. వచ్చాక చూస్తే అరవై పైచిలుకు స్లిప్పులు విశాఖకి వెళ్లనే లేదు, అన్నీ "డెలివర్ కాలేదు" అని వెనక్కి వచ్చేశాయి. వెనక్కి రావడం కూడా ఎవరూ చూడని ఒక బాక్సులోకి. అకౌంట్స్ మేడమ్ ఫోన్ చేసి తిడితే గానీ నాకు తెలియలేదు.

నాకంటే ముందు పనిచేసినాయన పెట్టిన సెట్టింగ్స్ ఇవి (ఫోన్‌లో తెలుగు కీబోర్డే ఉంది, పేర్లు తెలుగులోనే కొడుతున్నా, మధ్యలో అండర్‌స్కోర్లు మీరే పెట్టుకుని చదువుకోండి): క్యూ రన్ డిలే 30 సెకన్లు, మినిమల్ బ్యాకాఫ్ టైమ్ 30 సెకన్లు, మాక్సిమల్ బ్యాకాఫ్ టైమ్ 60 సెకన్లు, మాక్సిమల్ క్యూ లైఫ్‌టైమ్ 4 గంటలు, ఎస్ఎంటీపీ కనెక్ట్ టైమౌట్ 5 సెకన్లు. "నెట్ బాగోదు కాబట్టి గబగబా ట్రై చేయాలి" అని ఆయన లెక్క అనుకుంటా. దీన్ని ఇంకా తగ్గించి 10 సెకన్లకోసారి ట్రై చేయించమంటారా? ఎన్నిసార్లు ట్రై చేయాలి అనే నంబర్ ఎక్కడుంటుంది, వెతికి వెతికి కళ్లు పోయాయి, దొరకలేదు.

పాతసర్వర్

తమ్ముడూ ఆ నంబర్ దొరకదు, ఎందుకంటే పోస్ట్‌ఫిక్స్‌లో అది లేనే లేదు. అది సార్లు లెక్కపెట్టదు, మెయిల్ వయసు చూస్తది. లైఫ్‌టైమ్ 4 గంటలు అని రాసి పెట్టినరు కాబట్టి 4 గంటలు దాటినంక ఒక్కసారి ట్రై ఫెయిలైతే చాలు, ఇక నావల్ల కాదని పంపినోళ్లకి తిప్పి పంపేస్తది. మీ నెట్ పోయిందేమో రాత్రంతా. మరి వెనక్కి రాక ఏమైతది? ఆ లైన్ అసలు తీసి పారెయ్యి, డిఫాల్ట్ 5 రోజులు. ఆ 5 రోజులు వాళ్లు ఊరికే పెట్టలే, మెయిల్ రూల్స్ రాసిన ఆర్ఎఫ్‌సీ 5321 పత్రంలోనే ఉంది, పంపే సర్వర్ కనీసం 4-5 రోజులు ఆశ వదులుకోవద్దు అని.

ఇంక గబగబా ట్రై చెయ్యడం సంగతి. డిఫాల్ట్‌లో ఎట్లుంటదంటే, ఫెయిలైన మెయిల్ అప్పటికి ఎంతసేపటి నుంచి క్యూలో ఉందో ఇంకా అంతసేపు ఆగుతది, కాకపోతే 300 సెకన్లకు తగ్గదు (మినిమల్ బ్యాకాఫ్), 4000 సెకన్లకు మించదు (మాక్సిమల్ బ్యాకాఫ్). అంటే మొదట అయిదు నిమిషాలు, మళ్ల అయిదు, తర్వాత పది, ఇరవై, నలభై, అట్ల పోయి పోయి గంటా ఆరు నిమిషాల దగ్గర ఆగుతది. కొత్త మెయిల్ చురుగ్గా తిరుగుతది, పాతది నెమ్మదిగా తిరుగుతది. మీ ముందాయన 60 సెకన్ల సీలింగ్ పెట్టి అరవై మెయిల్స్‌ని నిమిషానికోసారి పోయిన నెట్ మీదికి తోలిండు. ఎట్లైనా లాభం లేదు. పైగా నెట్ సగం సగం వస్తుంటే రిలే వాడి దగ్గర లాగిన్లు మీద లాగిన్లు పడి "మరీ ఎక్కువ సార్లు వస్తున్నవ్, తర్వాత రా" అని వాడే తలుపేసుకుంటడు, అప్పుడు నెట్ మంచిగున్నా మెయిల్ పోదు.

ఇంకోటి, మీ మెయిల్స్ అన్నీ ఒకే రిలేకి పోతయి కదా. దానికి వరసగా కొన్నిసార్లు కనెక్ట్ కాకపోతే పోస్ట్‌ఫిక్స్ ఆ గమ్యాన్నే కొద్దిసేపు చచ్చినట్టు లెక్కేసి మిగతా మెయిల్స్‌ని ట్రై కూడా చెయ్యకుండా పక్కన పెడతది. లాగ్‌లో "డెలివరీ టెంపరరీలీ సస్పెండెడ్" అని వరసగా కనిపిస్తయి, చూసే ఉంటవ్. దాన్ని చూసి భయపడొద్దు, మంచికే అది.

నా మాట వింటే క్యూ రన్ డిలే (ఆగిన మెయిల్స్‌ని ఎంతసేపటికోసారి తిరగెయ్యాలనేది) 300, మినిమల్ బ్యాకాఫ్ 300, మాక్సిమల్ బ్యాకాఫ్ మాత్రం 900 చెయ్యి. పదిహేను నిమిషాలకు ఒకసారి అంటే నెట్ వచ్చినంక ఎక్కువసేపు కాయనక్కర్లేదు, రిలే వాడికి కోపమూ రాదు. ఎడిట్ చేసినంక పోస్ట్‌ఫిక్స్ రీలోడ్ కొట్టుడు మర్చిపోకు, పోస్ట్‌కాన్ఫ్ హైఫన్ ఎన్ కొడితే డిఫాల్ట్ కానివన్నీ చూపిస్తది, అది ఇక్కడ పెట్టు.

సిన్‌ప్యాకెట్

పాతసర్వర్ గారు చెప్పింది కరెక్టే, కానీ ఆ కనెక్ట్ టైమౌట్ 5 సెకన్లు గురించి ఎవరూ మాట్లాడలేదు, నన్నడిగితే అసలు తప్పు అదే. ప్యాకెట్లు పోయే నెట్‌లో కనెక్షన్ మొదలుపెట్టే సిన్ ప్యాకెట్ ఒకటి దారిలో పోతే లినక్స్ 1 సెకను ఆగి ఇంకోటి పంపుతుంది, అదీ పోతే 3వ సెకనులో, తర్వాత 7, 15, ఇలా. (కొత్త కెర్నెల్స్‌లో ఈ లెక్క కొంచెం మారింది, మీ పాత డెస్క్‌టాప్‌కి ఇదే సరిపోతుంది.) 5 సెకన్లకి చాలించమంటే మీరు తలుపు కొట్టింది మూడే మూడుసార్లు. డిఫాల్ట్ 30 సెకన్లు వదిలేస్తే అయిదుసార్లు. ఒక గీత సిగ్నల్ మీద ఆ ఎక్కువొచ్చిన రెండుసార్లే పని చేస్తాయి. నెట్ బాగోని చోట టైమౌట్లు పెంచాలి గానీ తగ్గిస్తారా ఎవరైనా, నేనైతే 60 పెడతా.

అలాగే 4జీకి మారినప్పుడు మీ ఐపీ (నెట్ అడ్రస్) మారిపోతుంది కదా, రిలే వాళ్ల దగ్గర ఐపీ చూసి లోపలికి వదిలే పద్ధతి ఉంటే పని చేయదు, యూజర్ పాస్‌వర్డ్ పద్ధతే ఉండాలి. మీది లాగిన్ అన్నారు కాబట్టి ఓకే.

లేజీబౌన్స్

5 రోజులు అనేసి వదిలేస్తే ఎలా సర్, నేను దీనికి ఒప్పుకోను. స్లిప్పు అయిదు రోజులు క్యూలో కూర్చుంటే రైతుకి డబ్బులు అయిదు రోజులు ఆలస్యం, ఈ లోపు ఎవరికీ ఏమీ తెలియదు. అసలు 4 గంటలు పెట్టినాయన ఆలోచన కూడా అదే అయ్యుంటుంది, పోకపోతే త్వరగా తెలియాలి అని. మా ఆఫీసులో 1 రోజు పెట్టాం, హాయిగా ఉంది.

పాతసర్వర్

తెలియాలంటే తెలియజెప్పే సెట్టింగ్ వేరే ఉంది గురూ, దానికోసం మెయిల్‌ని చంపుతరా? డిలే వార్నింగ్ టైమ్, డిఫాల్ట్ సున్నా అంటే ఆఫ్‌లో ఉంటది. 2 గంటలు అని పెడితే రెండు గంటలకి పోని మెయిల్ గురించి పంపినోళ్లకి "ఇంకా పోలేదు, ట్రై చేస్తున్న" అని ఒక కబురు వస్తది, మెయిల్ మాత్రం క్యూలోనే భద్రంగా ఉంటది. కాకపోతే ఘాట్‌రోడ్ తమ్ముడి దగ్గర పంపే అడ్రస్ ఎవరూ చూడని బాక్సు, ముందు ఆ అడ్రస్‌ని అలియాసెస్ ఫైల్‌లో తన సొంత బాక్సుకి తిప్పుకోవాలె, అది కూడా అదే మిషన్ మీద లోకల్‌గా చదివేది, లేకపోతే నెట్ లేదని చెప్పే మెయిల్ కూడా నెట్ కోసం క్యూలో నిలబడతది 😀

లేజీబౌన్స్

హహ సరే అది పాయింటే. కానీ 1 రోజు మాత్రం నేను మార్చను.

ఘాట్‌రోడ్_అడ్మిన్

చాలా థాంక్స్ అన్నా, అందరికీ. లైఫ్‌టైమ్ తీసేశా, బ్యాకాఫ్ 300/900, కనెక్ట్ టైమౌట్ 30 చేశా, అలియాస్ పెట్టా, వార్నింగ్ 2 గంటలు పెట్టా. నాలుగు రోజుల్లో చాలా తేడా కనిపించింది కానీ ఇంకో వింత బయటపడింది. మామూలు స్లిప్పులు ఎంత చెత్త నెట్ అయినా వెళ్లిపోతున్నాయి. బస్తాల ఫోటోలు అటాచ్ చేసినవి (2-3 ఎంబీ ఉంటాయి) మాత్రం ఫైబర్ నిక్షేపంగా ఉన్నా కదలట్లేదు, లాగ్‌లో "కన్వర్జేషన్ విత్ ఫలానా టైమ్డ్ ఔట్ వైల్ సెండింగ్ మెసేజ్ బాడీ" అని వస్తోంది. 4జీ మీద ఉన్నప్పుడు అవే వెళ్తున్నాయి, అదీ నెమ్మదిగా. మంచి లైన్ మీద వెళ్లవు చెత్త లైన్ మీద వెళ్తాయి, ఇదెక్కడి న్యాయం? పైగా నిన్న 4జీ మీద వెళ్లిన ఒక మెయిల్ విశాఖలో రెండు కాపీలు వచ్చిందట. రీట్రై ఇంకా తగ్గించాలా పెంచాలా?

స్తంభంమీదఫైబర్

రీట్రై జోలికి వెళ్లకండి సార్, ఇది రీట్రై సమస్య కాదు. నేను పదేళ్లు కేబుల్ నెట్ పని చేశాను, ఈ లక్షణాలు చూడగానే చెప్పొచ్చు, ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్ ఎంత పెద్దది వెళ్లగలదనే హద్దు. మీ ఫైబర్ పీపీపీఓఈ లాగిన్‌తో వచ్చేదే అయ్యుంటుంది, రూటర్‌లో యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ పెట్టి ఉంటే అదే. మామూలు ఈథర్‌నెట్ ప్యాకెట్ 1500 బైట్లు, పీపీపీఓఈ దాని హెడర్‌కి 8 తీసుకుంటుంది, మిగిలేది 1492. మీ సర్వర్ 1500 ప్యాకెట్ వదిలితే రూటరో మధ్యలో ఇంకొకడో "పట్టట్లేదు, చిన్నది పంపు" అని ఐసీఎంపీ కబురు చేయాలి, ఆ కబురుని ఫైర్‌వాల్‌లో ఎవడో సెక్యూరిటీ పేరు చెప్పి ఆపేస్తాడు. హలో, లాగిన్, అడ్రస్ లాంటివన్నీ చిన్న ప్యాకెట్లు కాబట్టి చక్కగా వెళ్తాయి, చిన్న స్లిప్పు కూడా ఒక్కోసారి బతికిపోతుంది, ఫోటో మొదలవగానే నిండు ప్యాకెట్లు మొదలై గోడకి కొట్టుకుంటాయి. అయిదు రోజులు కాదు అయిదేళ్లు రీట్రై చేసినా అదే గోడ.

చెక్ చేయడం తేలిక. సర్వర్ నుంచి పింగ్‌కి హైఫన్ పెద్ద ఎం డూ, హైఫన్ చిన్న ఎస్ 1472 పెట్టి బయట ఏదైనా ఐపీకి కొట్టండి. రాకపోతే 1464 పెట్టి కొట్టండి (1492 లోంచి హెడర్లకి 28 పోతాయి). 1464కి జవాబొచ్చి 1472కి రాకపోతే నేను చెప్పిందే. రూటర్ సెట్టింగ్స్‌లో ఎంఎస్ఎస్ క్లాంపింగ్ (ప్యాకెట్లని లైన్‌కి పట్టే సైజులో ఉంచేది) అని ఉంటుంది, అది ఆన్ చేయండి, లేకపోతే సర్వర్ కార్డు మీదే ఎంటీయూ 1492 పెట్టేయండి, మెయిల్ పంపేది ఒక్క మిషనే కాబట్టి అదీ చాలు.

రెండు కాపీల సంగతి పాతసర్వర్ గారు చెప్తారు, నాకు మెయిల్ అంతగా తెలీదు.

పాతసర్వర్

ఎంటీయూ మాట నాకు తట్టనే లేదు, శభాష్ అన్నా.

రెండు కాపీలంటే, మెయిల్ మొత్తం పోయినంక చివర ఒక చుక్క పంపి "అందిందా" అని అడుగుతం, అవతలోడు తీసుకుని "అందింది" అనే 250 జవాబు పంపేలోపు లైన్ తెగుతది. వాడి దగ్గర మెయిల్ ఉంది, మన దగ్గర రసీదు లేదు. మనం మళ్ల పంపుతం. పోస్ట్‌ఫిక్స్ లాగ్‌లోనే రాస్తది, "మెసేజ్ మే బీ సెంట్ మోర్ దెన్ వన్స్" అని. 1988లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1047 మొత్తం ఈ ఒక్క బాధ గురించే. దీన్ని పూర్తిగా ఆపలేం, తక్కువ చేయొచ్చు. ఎస్ఎంటీపీ డేటా డన్ టైమౌట్ అని ఉంటది, డిఫాల్ట్ 600 సెకన్లు, అంటే రసీదు కోసం పది నిమిషాలు నిలబడతది, దాన్ని ఎవరన్నా తగ్గించిండ్రా చూడు. పోస్ట్‌కాన్ఫ్ హైఫన్ ఎన్ పెట్టమంటే పెట్టలే నువ్వు.

ఘాట్‌రోడ్_అడ్మిన్

సారీ అన్నా, ఉంది 😓 డేటా డన్ టైమౌట్ 20 సెకన్లు అని కింద ఎక్కడో ఉంది, తీసేశా. స్తంభం అన్నా, మీకు దండం, 1464 వస్తోంది 1472 రావట్లేదు, క్లాంపింగ్ ఆన్ చేయగానే క్యూలో ఉన్న పదకొండు ఫోటో మెయిల్స్ నా కళ్ల ముందే వెళ్లిపోయాయి.

ఇంకొక్కటే ప్రశ్న, నెట్ వచ్చిన వెంటనే అన్నీ పంపేలా చేయొచ్చా, పదిహేను నిమిషాలు కూడా ఆగకుండా? అడిగింది నేను కాదు, మేడమ్.

సిన్‌ప్యాకెట్

పోస్ట్‌క్యూ హైఫన్ ఎఫ్ కొడితే ఆగి ఉన్నవన్నీ ఒక్కసారి ట్రై చేస్తుంది, దాన్నే ఫ్లష్ అంటారు. దాన్ని ప్రతి నిమిషం క్రాన్‌లో (టైమ్ ప్రకారం పనులు తనంతట తానే నడిపేది) మాత్రం పెట్టకండి, అలా చేస్తే మళ్లీ మీ ముందాయన సెట్టింగ్స్ దగ్గరికే వచ్చినట్టు. లింక్ మారేది రూటర్‌లో కాబట్టి సర్వర్‌కి నెట్ వచ్చినట్టు తెలియదు, అందుకని ఒక చిన్న స్క్రిప్ట్, రెండు నిమిషాలకోసారి రిలే 587 పోర్టు తెరుచుకుంటుందో లేదో చూసి ఫలితం ఒక ఫైల్‌లో రాసుకోవాలి, పోయినసారి "లేదు" ఇప్పుడు "ఉంది" అయితేనే ఫ్లష్ కొట్టాలి. ఉంది-ఉంది అయితే ఏం చేయకూడదు. నా దగ్గర తొమ్మిది లైన్లే ఉంది అది.

ఫ్లష్ కొట్టినప్పుడు ఒక్క గమ్యానికి ఒకేసారి 20 కనెక్షన్ల దాకా తెరవగలదు, ఒక గీత 4జీ మీద 20 తెరిస్తే ఏదీ పూర్తవ్వదు. ఎస్ఎంటీపీ డెస్టినేషన్ కాంకరెన్సీ లిమిట్ 2 పెట్టండి.

ఘాట్‌రోడ్_అడ్మిన్

పెట్టా, బాగుంది. ఇక తలనొప్పి తీరింది అనుకున్నా. ఈ వారం కరెంట్ పోయి యూపీఎస్ కూడా అయిపోయి సర్వర్ ఆగింది. మళ్లీ ఆన్ అయ్యాక తొమ్మిది స్లిప్పులు బౌన్స్, వెనక్కి వచ్చేశాయి!! అయిదు రోజులు కదా లైఫ్‌టైమ్, పట్టుమని అరగంట కూడా కాలేదు. లాగ్‌లో "స్టేటస్ ఎక్స్‌పైర్డ్, రిటర్న్డ్ టు సెండర్" అని ఉంది. అరగంటలో ఎక్స్‌పైర్ ఎలా అవుతుంది, రీలోడ్ కూడా చేశాను, పోస్ట్‌కాన్ఫ్‌లో 5డి అనే చూపిస్తోంది.

పాతసర్వర్

ఆ లైన్‌కి పైన, అదే మెయిల్‌కి డిఫర్డ్ (వాయిదా) అని ఉన్న లైన్‌లో డిలే ఈక్వల్ టు ఎంతుందో చెప్పు.

ఘాట్‌రోడ్_అడ్మిన్

ఎనిమిది అంకెల సంఖ్య ఉందన్నా. ఇది సెకన్లేనా?

పాతసర్వర్

సెకన్లే. ఎనిమిదంకెలంటే ఏళ్లకేళ్లు. పోస్ట్‌ఫిక్స్ లెక్కలో ఆ మెయిల్ నీ దగ్గర ఏళ్ల నుంచి ఉంది, అందుకే తిప్పి పంపింది, దాని తప్పేం లేదు. తమ్ముడూ, ఆ డెస్క్‌టాప్ డబ్బా ఇప్పి మదర్‌బోర్డ్ మీద రూపాయి బిళ్ల లెక్క ఉండే సెల్ చూడు.

కరెంట్ పోయి మిషన్ లేచింది, సెల్ చచ్చింది కాబట్టి తారీఖు ఎప్పటిదో పాతది పట్టుకుంది. అప్పటికి నెట్ లేదు, టైమ్ సరి చేసుకునే దారి లేదు. కాటా దగ్గరోళ్లు ఆగరు కదా, స్లిప్పులు వచ్చినయి, పోస్ట్‌ఫిక్స్ వాటి మీద ఆ పాత తారీఖే ముద్ర కొట్టింది. తర్వాత నెట్ వచ్చి ఎన్‌టీపీ (నెట్ నుంచి టైమ్ సరిచేసేది) గడియారాన్ని ఒక్క దూకున ఇప్పటికి తెచ్చింది. అప్పుడు మొదటి ట్రైకే పోయిన మెయిల్స్ బతికినయి, ఆ ట్రై ఫెయిలైన తొమ్మిదీ వయసు మీరి పోయినయి.

ఘాట్‌రోడ్_అడ్మిన్

అన్నా, యూపీఎస్ తీసేసి బూట్ చేసి నెట్ వైరు పీకి డేట్ కొట్టి చూశా, మూడేళ్ల వెనకటి తారీఖు. వొళ్లు జల్లుమంది. సెల్ మీద సీఆర్ 2032 అని ఉంది, కింద బజారులో గడియారాల షాపులో దొరికింది, యాభై రూపాయల్లోపే అయింది. మార్చేశా. సిన్‌ప్యాకెట్ అన్న చెప్తే టైమ్ సరిపడే దాకా పోస్ట్‌ఫిక్స్ మొదలవకుండా సిస్టమ్‌డీలో (ప్రోగ్రాములని మొదలుపెట్టేది) కూడా ఒక లైన్ పెట్టా కానీ నెట్ లేనప్పుడు అది అసలు మొదలే అవ్వట్లేదు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఎర్రర్ ఇస్తోంది, కాబట్టి తీసేశా.

సిన్‌ప్యాకెట్

అవును అది నా తప్పే, మీ దగ్గర నెట్ లేకపోయినా స్లిప్పు తీసుకోవాలి కదా. సెల్ చాలు.

ఘాట్‌రోడ్_అడ్మిన్

చివరి అప్‌డేట్. శనివారం మధ్యాహ్నం ఫైబర్ పోయింది, 4జీ కూడా రాలేదు, ఆదివారం పొద్దున్న వచ్చింది, పంతొమ్మిది గంటలు. రాత్రి పడుకునే ముందు పోస్ట్‌క్యూ హైఫన్ పి కొడితే 83 ఉన్నాయి, ఒక్కటీ బౌన్స్ కాలేదు. పొద్దున నేను ఇంకా టీ తాగుతుండగానే స్క్రిప్ట్ ఫ్లష్ కొట్టేసింది, రెండేసి చొప్పున అన్నీ వెళ్లాయి, రెండు కాపీలు కూడా లేవు. తొమ్మిదిన్నరకి మేడమ్ ఫోన్. ఆదివారం పూట 83 మెయిల్స్ ఒకేసారి పంపితే ఎవరు చూస్తారయ్యా అని.